తెల్లకణం వినే మాట

రోగనిరోధక వ్యవస్థను గురించి సామాన్య పాఠకుల కోసం ఇంగ్లీషులో వెలువడిన మంచి పుస్తకాలకు ఇటీవల కొదవ లేదు. డేనియల్ డేవిస్ ‘ది బ్యూటిఫుల్ క్యూర్’ 2018లో వచ్చింది. ఫిలిప్ డెట్మర్ ‘ఇమ్యూన్’ 2021లోనూ, సిద్ధార్థ ముఖర్జీ ‘ది సాంగ్ ఆఫ్ ద సెల్’ 2022లోనూ వెలువడ్డాయి. మూడూ చదివించే గుణమున్నవే. డేవిస్‌ది పరిశోధకుల కథ. ముఖర్జీది కణం చుట్టూ అల్లిన చరిత్ర. డెట్మర్ మాత్రం శరీరాన్ని బాహాటంగా రణరంగం చేశారు. ఆయన పుటల్లో కాపలా భటులూ, మెరుపుదాడులూ, ఆత్మాహుతి దళాలూ కనిపిస్తాయి. పాఠకుణ్ణి పట్టి ఉంచడానికి ఇంతకంటే సులభమైన ఉపాయం లేదు కనుక ఆయనను తప్పుపట్టడం కష్టం.

అయితే ఈ కోవ రచనలలో తరచుగా ఒక్క వాక్యంతో దాటిపోయే ఘట్టం ఒకటుంది. వేలికి ముల్లు గుచ్చుకుంటుంది, తెల్లకణాలు అక్కడికి పరుగున వస్తాయి, పోరు మొదలవుతుంది. ఆ ‘పరుగున రావడం’ ఎలా జరిగింది? రక్తప్రవాహంలో కొట్టుకుపోతున్న కణం, కళ్ళూ చెవులూ లేనిది, సరిగ్గా ఆ వేలి దగ్గర, ఆ సన్నని నాళంలో ఎందుకు ఆగింది? కథకుడికి యుద్ధం మీద ఉన్న ఆసక్తి ప్రయాణం మీద ఉండదు. అసలు విశేషం ప్రయాణంలోనే ఉంది.

వైద్యంలో యుద్ధభాషను విమర్శించినవారు లేకపోలేదు. సూజన్ సాంటాగ్ 1978లో ‘ఇల్‌నెస్ యాజ్ మెటఫర్’లో, ఎమిలీ మార్టిన్ 1994లో ‘ఫ్లెక్సిబుల్ బాడీస్’లో ఆ పని చేశారు. వారి అభ్యంతరం ప్రధానంగా సామాజికమైనది: రోగం మీద వేసిన రూపకం చివరికి రోగి మీద పడుతుందని. దానికంటే సాదా అభ్యంతరం ఒకటి చెప్పవచ్చు. ఆ బొమ్మ తప్పు. తెల్లకణం జీవితంలో ఎక్కువ భాగం పోరాటం కాదు. ఎక్కడ ఉండాలో అక్కడ ఉండటం, ఎప్పుడు కదలాలో అప్పుడు కదలటం. ఈ రెంటినీ నిర్ణయించేది కీమోకైన్లు అనే చిన్న ప్రోటీన్లకూ, కణాల ఉపరితలం మీద వాటిని అందుకునే గ్రాహకాలకూ మధ్య జరిగే సంభాషణ.

ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. 1882లో సిసిలీ ద్వీపంలోని మెస్సీనాలో ఇల్యా మెచ్నికోవ్ పారదర్శకంగా ఉండే నక్షత్రచేప డింభకంలోకి గులాబీ ముళ్ళు గుచ్చి, తెల్లవారి చూసేసరికి సంచారకణాలు ముల్లు చుట్టూ గుమిగూడి ఉన్నాయి. కణాలు కదలి వస్తాయన్నది ఆయన వాదం. అదే కాలంలో జర్మనీలో పాల్ ఎర్లిహ్ అణువులు ఒకదానిలో ఒకటి అమరడం గురించి ఆలోచిస్తున్నారు. గ్రాహకమనే భావన ఆయనదే. ఇద్దరి వర్గాలకూ పొసగలేదు. 1908లో నోబెల్ బహుమతిని మాత్రం ఇద్దరికీ కలిపి ఇచ్చారు. కదలికకూ అమరికకూ సంబంధం నిజంగా తేలడానికి మరో ఎనభై ఏళ్ళు పట్టింది. న్యూట్రోఫిల్ కణాలను తనవైపు నడిపించే ఒక చిన్న ప్రోటీన్‌ను 1987లో అమెరికాలోనూ ఐరోపాలోనూ వేర్వేరు బృందాలు వేరుచేశాయి. దానిని మొదట ఇంటర్‌ల్యూకిన్-8 అన్నారు, ఇప్పటి పేరు సీఎక్స్‌సీఎల్8. మెచ్నికోవ్ ముల్లు దగ్గరికి కణాలను పిలిచింది ఎవరన్న ప్రశ్నకు, మనుషుల విషయంలో, అది మొదటి స్పష్టమైన జవాబులలో ఒకటి.

ఆ తరవాత వరసగా దొరికాయి. నేటికి మనిషిలో దాదాపు యాభై కీమోకైన్లు, వాటిని అందుకునే గ్రాహకాలు సుమారు ఇరవై తెలుసు. ప్రోటీన్ మొదట్లో వచ్చే సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు పక్కపక్కనే ఉంటే ‘సీసీ’, మధ్యలో మరొకటి దూరితే ‘సీఎక్స్‌సీ’. చివర ‘ఎల్’ ఉంటే కీమోకైన్, ‘ఆర్’ ఉంటే గ్రాహకం. రికార్డు గదిలో దస్త్రాలకు వేసినట్టున్న ఈ పేర్లు వచ్చాక పాత పేర్ల సొగసు పోయింది. ఇప్పుడు సీసీఎల్5 అంటున్న దానిని పూర్వం ‘రాంటెస్’ అనేవారు. పైకి అది ఒక సంక్షిప్తనామం. అర్జెంటీనా దర్శకుడు ఎలిసేయో సుబియేలా 1986లో తీసిన ఒక చిత్రంలో, తాను వేరే లోకం నుంచి వచ్చానని చెప్పుకుంటూ పిచ్చాసుపత్రిలో ప్రత్యక్షమయ్యే పాత్ర పేరు రాంటెస్. ఆ పేరు మీది ముచ్చటతోనే సంక్షిప్తాక్షరాలను అలా కుదిర్చారని చెబుతారు.

ఇక ఆ రెంటి కలయిక. పాఠ్యపుస్తకాలు దీనికి తాళంకప్ప, తాళంచెవి ఉపమానాన్ని వాడతాయి. అది ఎమిల్ ఫిషర్ 1894లో ఎంజైముల కోసం చెప్పినది. కీమోకైన్ల విషయంలో ఆ ఉపమానం సగం దూరమే నడుస్తుంది. గ్రాహకం కణపు పొరలో ఏడుసార్లు పైకీ కిందికీ కుట్టు వేసినట్టుండే ప్రోటీన్. దాని మొదటికొస బయటికి వేలాడుతూ ఉంటుంది. కీమోకైన్ గుండ్రని దేహం ముందుగా ఆ వేలాడే కొసను పట్టుకుంటుంది, ఇది గుర్తుపట్టడం. తరవాత కీమోకైన్ సొంత ముందుకొస, స్థిరమైన ఆకారం లేని కొన్ని అమైనో ఆమ్లాల పోగు, గ్రాహకం నడిమి గూటిలోకి దిగుతుంది, ఇది చెప్పడం. గుర్తుపట్టడం వేరు, చెప్పడం వేరు. తాళంచెవికి ఈ తేడా లేదు. ఈ రెండు మెట్లూ మొదట అనుకున్నంత విడివిడివి కావనీ, మొదటి నుంచి చివరి దాకా స్పర్శ తెగదనీ 2015లో స్ఫటిక చిత్రం చూపింది. ఆ చిత్రంలో సీఎక్స్‌సీఆర్4 గ్రాహకంతో కలిసి దొరికింది మనిషి కీమోకైన్ కాదు, హెర్పిస్ జాతి వైరస్ ఒకటి తయారుచేసే నకిలీ.

పట్టుకోవడానికీ చెప్పడానికీ మధ్య ఎంత సన్నని గీత ఉందో 1996లో జెనీవాలో అమాండా ప్రౌడ్‌ఫుట్ బృందం ప్రచురించిన ఫలితం చూపుతుంది. వారు రాంటెస్‌ను బాక్టీరియాలో తయారుచేశారు. ప్రోటీన్ తయారీ మొదలుపెట్టే మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం, మామూలుగా తొలగిపోవలసినది, దాని ముందు అలాగే ఉండిపోయింది. 68 అమైనో ఆమ్లాల అణువుకు ముందు మరొక్కటి చేరింది, అంతే. ఆ అణువు గ్రాహకాన్ని పట్టుకుంటుంది, కానీ ఏమీ చెప్పదు. పైగా అసలు రాంటెస్‌ను చెప్పనివ్వదు. ‘న్యాయం’ ముందు ఒక్క ‘అ’ చేరితే ఏమవుతుందో తెలిసిన తెలుగు పాఠకుడికి దీన్ని వివరించనక్కరలేదు. జీవరసాయనశాస్త్ర విద్యార్థికి అయిదు పుటలు పట్టే విషయమిది.

గూటిలోకి దిగిన కొస గ్రాహకాన్ని లోపలివైపు కొద్దిగా ఒరిగిస్తుంది. అక్కడ కాచుకుని ఉన్న ‘జీఐ’ అనే ప్రోటీన్ విడివడి, కణం అస్థిపంజరాన్ని ఒక దిక్కుకు తిరిగి నిర్మింపజేస్తుంది. కణం ఆ దిక్కుకు పాకుతుంది. ఈ లంకె తెగితే ఏమవుతుందో పిల్లల వైద్యులు తరతరాలుగా, కారణం తెలియకుండానే, చూస్తూ వచ్చారు. కోరింత దగ్గు వచ్చిన పసివాడి రక్తపరీక్షలో లింఫోసైట్లు విపరీతంగా పెరిగి కనిపిస్తాయి. బాక్టీరియా వల్ల వచ్చే తక్కిన జబ్బులలో సాధారణంగా పెరిగేవి న్యూట్రోఫిల్స్, ఇక్కడ మాత్రం లింఫోసైట్లు. కోరింత దగ్గు క్రిమి వదిలే విషం ఆ ‘జీఐ’ ప్రోటీన్‌నే స్తంభింపజేస్తుంది. లింఫోసైట్లకు కీమోకైన్ పిలుపు గ్రాహకం దాకా అందుతుంది, లోపలికి అందదు. అవి రక్తం విడిచి లింఫు గ్రంథులలోకి పోలేక రక్తంలోనే తిరుగుతుంటాయి. సైన్యం పెరగలేదు, ఇల్లు చేరలేక వీధుల్లో మిగిలిపోయింది. పసివాడి ప్రాణానికి ఆ సంఖ్యే ముప్పు కావచ్చు.

మరొక చిక్కు ప్రవాహానికి సంబంధించినది. నాళంలో నిత్యం పరుగెత్తే రక్తంలోకి విడిచిన అణువు క్షణంలో కొట్టుకుపోవాలి. అలాంటప్పుడు ‘వాసన పట్టి వచ్చాయి’ అన్న వర్ణనకు అర్థం లేదు. నిజానికి కీమోకైన్లు నాళం లోపలి గోడ మీది హెపరాన్ సల్ఫేట్ వంటి చక్కెర గొలుసులకు అంటుకుని ఉంటాయి. ఏటిలో కలిపిన పసుపు కొట్టుకుపోతుంది, గడపకు రాసిన పసుపు నిలుస్తుంది. కణం గోడ వెంట దొర్లుతూ ఆ గుర్తున్న చోట ఆగుతుంది, అక్కడే లోపలికి దూరుతుంది. ఈ చక్కెరలకు అంటుకోలేకుండా మార్చిన కీమోకైన్లు గాజుపాత్రలో కణాలను చక్కగా నడిపించాయి. ఎలుకల్లో ఎక్కించినప్పుడు మాత్రం నడిపించలేకపోయాయి. ఈ ఫలితాన్ని 2003లో ప్రకటించినది కూడా ప్రౌడ్‌ఫుట్ బృందమే. చెప్పే అణువూ, వినే గ్రాహకమూ ఉన్నంత మాత్రాన సరిపోదు. చెప్పే చోటు కూడా కుదరాలి.

ఇంతవరకూ వివరణ. వివాదం మొదలయ్యేది ఇక్కడ. యాభై కీమోకైన్లు, ఇరవై గ్రాహకాలు. ఒక కీమోకైన్ అనేక గ్రాహకాలను అందుకోగలదు, ఒక గ్రాహకం అనేక కీమోకైన్లను. ఈ పట్టిక చూసిన శాస్త్రజ్ఞులు చాలాకాలం ఒకే మాట అన్నారు: రిడండెన్సీ. తెలుగులో చెప్పాలంటే పునరుక్తి. ఒకటి పోతే ఇంకొకటి ఆ పని చేస్తుంది కనుక ఏ ఒక్కటీ అంత ముఖ్యం కాదని భావం. సమీక్షా వ్యాసాలలో మొదలైన ఈ మాట సామాన్య పాఠకుల పుస్తకాల దాకా పాకింది. అది వర్ణన కాదు, తీర్పు. ఆ తీర్పుకు ఆధారం గాజుపాత్ర.

పర్యాయపదాలు నిఘంటువులో సమానం, వాడుకలో కావు. నీళ్ళు, జలం, తీర్థం, మూడూ ఒకటే. గుళ్ళో అరచేతిలో పోసేది తీర్థమే. దాన్ని ‘నీళ్ళు’ అన్నవాణ్ణి పూజారి వింతగా చూస్తాడు. కీమోకైన్ల సంగతీ ఇంతే. సీసీఆర్7 అనే ఒకే గ్రాహకాన్ని సీసీఎల్19, సీసీఎల్21 రెండూ దాదాపు ఒకే బలంతో పట్టుకుంటాయి. పట్టిక ప్రకారం ఇది పునరుక్తి. కానీ సీసీఎల్19 పట్టుకున్న గ్రాహకాన్ని కణం లోపలికి లాగేసుకుంటుంది, కొంతసేపు వినడం మానేస్తుంది. సీసీఎల్21 పట్టుకున్నప్పుడు అలా పెద్దగా జరగదు. సీసీఎల్21కు పొడవైన తోక ఉంది, దానితో అది చక్కెర గొలుసులను గట్టిగా అంటిపెట్టుకుని దారి గుర్తుగా నిలుస్తుంది. సీసీఎల్19 తేలికగా విడివడి తిరుగుతుంది. ఒకే చెవిలో పడిన రెండు మాటలు, రెండు అర్థాలు.

పిడుదు పురుగుకు ఈ సంగతి శాస్త్రజ్ఞులకంటే ముందే తెలుసు. అది చర్మాన్ని కరచి రోజుల తరబడి వదలకుండా రక్తం తాగగలగడానికి ఒక కారణం దాని లాలాజలంలోని ఇవేసిన్లు అనే ప్రోటీన్లు. అవి కీమోకైన్లను గ్రాహకం చేరకముందే పట్టేస్తాయి. ఒకటి కొన్ని సీసీ కీమోకైన్లను, ఇంకొకటి సీఎక్స్‌సీలను. అలా ఒక సరంజామానే మోసుకు తిరుగుతుంది. అవన్నీ నిజంగా ఒకే మాట అయితే పిడుదుకు ఇంత శ్రమ అక్కరలేదు.

పునరుక్తి అన్న మాటకు మందుల ప్రయోగాల్లోనూ పాత్ర ఉంది. కీళ్ళవాతం, మల్టిపుల్ స్క్లెరోసిస్ వంటి వాపు జబ్బుల్లో కణాలు రాకూడని చోటికి వస్తాయి కనుక గ్రాహకాన్ని మూసేస్తే చాలనుకున్నారు. సీసీఆర్1, సీసీఆర్2 మీద మందులు ఒకదాని వెంట ఒకటి విఫలమయ్యాయి. పేగులకు దారి చూపే సీసీఆర్9ను మూసే వెర్సిర్నాన్ అనే మందు క్రోన్స్ వ్యాధిలో మూడో దశ పరీక్షలో 2013లో ఓడిపోయింది. ప్రతి ఓటమికీ వినిపించిన సంజాయిషీ ఒకటే: వ్యవస్థలో పునరుక్తి ఎక్కువ. ఆ రంగంలోనే ఉన్న కొందరు దీనిని ఒప్పుకోలేదు. చాలా పరీక్షల్లో మందు గ్రాహకాలను రోజంతా పూర్తిగా మూసి ఉంచలేదనీ, ఆ జబ్బుకు ఆ గ్రాహకమే కీలకమని ముందుగా తేల్చుకోలేదనీ వారు చూపారు. నెపం శరీరం మీద నెట్టడం సులువు. తలుపు సగం మూసి, ఇంటికి ఇంకో వాకిలి ఉందనడం అలాంటిదే.

పునరుక్తి వాదానికి బలమైన సాక్ష్యంగా నిలిచినది సీసీఆర్5. 1995 డిసెంబరులో రాబర్ట్ గాలో ప్రయోగశాల రాంటెస్, దాని సోదర కీమోకైన్లు రెండూ కలిసి హెచ్‌ఐవీని అడ్డగిస్తున్నాయని ప్రకటించింది. ఆరు నెలలు తిరగకుండా కారణం తేలింది: ఆ కీమోకైన్లు కూర్చునే సీసీఆర్5 పీట మీదే వైరస్ కూడా కూర్చుని కణంలోకి దూరుతుంది. ఆ ఏడే మరో సంగతి బయటపడింది. ఈ జన్యువులో 32 అక్షరాలు పోయిన ప్రతిని తల్లి నుంచీ తండ్రి నుంచీ పొందినవారికి హెచ్‌ఐవీ సోకడం చాలా అరుదు. ఉత్తర ఐరోపా మూలాల వారిలో నూటికి దాదాపు ఒకరు అలాంటివారు. భారతీయులలో అత్యంత అరుదు. వారు ఆరోగ్యంగా తిరుగుతున్నారు. అలాంటి దాత మజ్జను 2007లో బెర్లిన్‌లో పొందిన తిమోతీ రే బ్రౌన్ హెచ్‌ఐవీ నుంచి విముక్తుడైన మొదటి మనిషి అయ్యారు. సీసీఆర్5ను మూసే మారవిరాక్‌కు అదే ఏడు అనుమతి వచ్చింది.

ఇంత చరిత్ర చదివినవాడు సీసీఆర్5 అక్కరలేని గ్రాహకమన్న నిర్ణయానికి రావడం సహజం. కానీ 2006లోనే మరొక ఫలితం వచ్చింది: వెస్ట్ నైల్ వైరస్ సోకి జబ్బుపడినవారిలో ఈ గ్రాహకం లేనివారు ఉండవలసిన దానికంటే ఎక్కువమంది ఉన్నారు. మెదడును ఆ వైరస్ నుంచి కాపాడే కణాలు అక్కడికి చేరడానికి సీసీఆర్5 కావాలి. అంటే ఆ మాట అవసరం లేనిది కాదు, ఆ మాట అవసరమయ్యే సందర్భం అందరికీ రాదు. ఈ తేడా ఎంత ఖరీదైనదో 2018 నవంబరులో తెలిసింది. చైనాలో హ జియాన్‌క్వే అనే పరిశోధకుడు ఇద్దరు కవల ఆడపిల్లల సీసీఆర్5 జన్యువును పిండదశలోనే మార్చినట్టు ప్రకటించాడు. ప్రకృతిలో దొరికే ఆ 32 అక్షరాల లోపం కూడా కాదు ఆ పిల్లలలో ఏర్పడినది, ఎవరూ ఎరగని కొత్త మార్పులు. మరుసటి ఏడు అతనికి మూడేళ్ళ జైలుశిక్ష పడింది. సీసీఆర్5 లోపం ఆయుష్షును తగ్గిస్తుందని 2019లో వచ్చిన ఒక వ్యాసాన్ని లెక్కల్లో పొరపాటు వల్ల రచయితలే వెనక్కి తీసుకున్నారన్నదీ ఇక్కడ చెప్పాలి. అతణ్ణి తప్పుపట్టడానికి ఆ వ్యాసం అక్కరలేదు. ‘అక్కరలేనిది’ అన్న మాటను శాస్త్రసాహిత్యం అంత తేలికగా వాడకుండా ఉంటే, ఆ జన్యువే ఎంపికయ్యేదా అన్నది అడగదగిన ప్రశ్న.

వినీ బదులు చెప్పని గ్రాహకాలు కూడా ఉన్నాయి. ఎర్రకణాల మీద ఉండే డఫీ యాంటిజెన్‌ను రక్తవర్గాల వారు ఎప్పటినుంచో ఎరుగుదురు. అది అనేక కీమోకైన్లను పట్టుకుంటుంది, కణం లోపలికి మాత్రం ఏ సంకేతమూ పంపదు. వైవాక్స్ మలేరియా క్రిమి ఎర్రకణంలోకి దూరడానికి దాన్నే ఆసరా చేసుకుంటుంది. పశ్చిమ ఆఫ్రికాలో దాదాపు అందరి ఎర్రకణాలూ దానిని వదులుకున్నాయి. ఆఫ్రికా మూలాలున్న అమెరికన్లలో మూడింట రెండు వంతుల మంది అలాంటివారే. వారి రక్తంలో న్యూట్రోఫిల్స్ లెక్కకు తక్కువ కనిపిస్తాయి. కణాలు లేక కాదు, రక్తంలో కాక వేరే చోట్ల ఉండి. ఇన్ఫెక్షన్లు ఎక్కువ రావు. అయినా ఐరోపా మూలాల వారి లెక్కను ప్రమాణంగా పెట్టుకున్న వైద్యం దీనికి దశాబ్దాలపాటు ‘జాతిపరమైన నిరపాయ న్యూట్రోపీనియా’ అని పేరు పెట్టి ఒక లోపంగా రాసుకుంది. ఆ లోపం పేరిట అక్కరలేని మజ్జ పరీక్షలు జరిగాయి, క్యాన్సర్ మందుల మోతాదులు తగ్గాయి, క్లినికల్ ట్రయల్స్‌లో చోటు దొరకలేదు. ఇప్పుడిప్పుడు ఆ పేరు మారుస్తున్నారు. ఒక గ్రాహకం మౌనాన్ని చదవడం రాకపోతే మనుషుల మీద దాని ఫలితం ఇలా ఉంటుంది.

ఇక సీఎక్స్‌సీఆర్4. ఎముక మజ్జలోని కణాలు సీఎక్స్‌సీఎల్12 అనే కీమోకైన్‌ను స్రవిస్తాయి. మూలకణాలూ, లేత న్యూట్రోఫిల్స్ దాన్ని ఈ గ్రాహకంతో వింటూ మజ్జలో ఉండిపోతాయి. ఇక్కడ కీమోకైన్ చెప్పేది ‘రా’ అని కాదు, ‘ఉండు’ అని. ఈ జంట లేని ఎలుకలు పుట్టేముందో పుడుతూనో చనిపోతాయి. గుండె, చిన్నమెదడు సరిగ్గా ఏర్పడవు. యుద్ధకథలో ఈ జంటకు చోటివ్వడం కష్టం. హెచ్‌ఐవీ కోసం తయారుచేసిన ప్లెరిక్సాఫర్ అనే మందు ఈ గ్రాహకాన్ని మూస్తుంది. ఇచ్చినవారి రక్తంలో తెల్లకణాలు హఠాత్తుగా పెరగడం చూసి దాని దారి మళ్ళించారు. 2008 నుంచి అది మూలకణాలను మజ్జ నుంచి రక్తంలోకి రప్పించి సేకరించడానికి ఉపయోగపడుతోంది.

దీనికి తలకిందులైన జబ్బు విమ్ సిండ్రోమ్. సీఎక్స్‌సీఆర్4 తోక తెగిపోవడం వల్ల ఆ గ్రాహకం వినడం ఆపలేదు. న్యూట్రోఫిల్స్ మజ్జలోనే బందీలవుతాయి, రోగిని ఇన్ఫెక్షన్లూ పులిపిర్లూ వదలవు. కారణమైన జన్యులోపం 2003లో దొరికింది. వైద్యసాహిత్యంలో 1964లోనే నమోదైన తొలి రోగి ఒక బాలిక. ఆమె పెద్దయ్యాక ఆ జబ్బు తనంత తానే పోయింది. 2015లో కారణం తేలింది: ఆమె మజ్జలోని ఒకే ఒక్క మూలకణంలో రెండో క్రోమోజోము ముక్కలై, తిరిగి అతుక్కునేటప్పుడు 164 జన్యువుల ప్రతులు పోయాయి, పోయినవాటిలో చెడిన సీఎక్స్‌సీఆర్4 ప్రతి ఒకటి. మామూలుగా క్యాన్సర్‌కు దారితీసే ప్రమాదం అది. ఆ కణపు సంతతే క్రమంగా మజ్జను ఆక్రమించింది. అదే ఫలితాన్ని కొంతవరకైనా ఇవ్వగల మావోరిక్సాఫర్ అనే నోటిమందుకు 2024 ఏప్రిల్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది ఏ క్రిమినీ చంపదు. మజ్జలో చిక్కుకున్న కణాలను వెళ్ళనిస్తుంది.